మా అనిత పాట ఎక్కించిన నగేష్ మీద కేసు రాయవద్దని

తేదీ: 20-10-2012

గౌరవనీయులైన పోలీసు ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, అశోక్‌నగర్ గల్లీలో ఇస్త్రీ బండి నడుపుకొను తిమ్మయ్య, వయసు అరవై ఏడు, చదువు ఏడో తరగతి, సొంత జిల్లా పాలమూరు, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నారాయణగూడలో ఫోన్లలో పాటలు ఎక్కించే నగేష్ అను పిల్లవానిని, మా బిడ్డ పాట దొంగిలించినాడని నిన్న సాయంత్రం పట్టుకొచ్చిన సంగతి గురించి, ఆ పాట అతనికి ఇచ్చినది నేనే అయిన సంగతి గురించి, కేసు రాయక మునుపు నా మాట వినవలెనని కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, తమరు బతుకమ్మ బందోబస్తుకు పోయినారట. తిరిగి వచ్చినంక కేసు కడతారట. అందాక నగేష్‌ను లోపల కూర్చోబెట్టినారు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. టేబుల్ దగ్గరి జవాను గారు దయతలచి నాకు తెల్లకాగితాలు ఇచ్చి, "పెద్దాయనా, నోటితోని చెప్తే సారుకు టైముండదు. నంబర్లేసి రాసియ్యి" అన్నారు. కావున నంబర్లు వేసి రాస్తున్నాను.

1. మా బిడ్డ అనిత పాటలు పాడుతుంది. దానిని "గాయని" అని రాయవలెనట. ఆ మాట నా చేతితో రాయడం ఇదే మొదలు, తమరు క్షమిస్తే ఇంకొకసారి రాసుకుంటాను: గాయని. మా ఇంటిది బుగ్గమ్మ ఈ పట్నం వచ్చిన నాటి నుండి ఎన్నో మేడలకు సిమెంటు మాలు తట్టలు మోసింది. చంటిపిల్లను ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టి, మెట్లు ఎక్కుతూ దిగుతూ పాడేది. ఆ గొంతు వినిపించినంతసేపు, అమ్మ దగ్గర్లోనే ఉన్నదని పిల్ల ఏడ్వకపోయేది. ఆ పిల్లే పెద్దదై, తల్లి పాటకు బిడ్డ వైపు నుండి జవాబు కట్టింది. "తట్ట దించి పోవే అమ్మా, జర తల నిమిరి పోవే" అని మొదలవుతుంది. ఇంతకు మించి రాయను. రాస్తే కాగితం తడుస్తుంది, మళ్ళీ జవాను గారిని కాగితం అడగవలసి వస్తుంది.

2. మంజీరగానం ఆడియో అను కంపెనీ కుమారస్వామి గారి చొక్కాలు నేనే ఇస్త్రీ చేసేవాణ్ణి. నిరుడు ఆయన చొక్కాల కోసం వచ్చినప్పుడు మా బిడ్డ బండి దగ్గర కూనిరాగం తీస్తుంటే విని, తీసుకుపోయి పాడించి సీడీ వేసినారు. అట్ట మీద మా బిడ్డ ఫొటో! సుల్తాన్ బజార్ దుకాణంలో పెట్టినారంటే నేను పోయి ఎదురుగా నిలబడి చూసేవాణ్ణి. జనం చీరలు కొన్నారు, గాజులు కొన్నారు, బిందెలు కొన్నారు, సీడీ వైపు చూసినవాడు లేడు. కొన్నాళ్ళకు కుమారస్వామి గారే బండి దగ్గరికి వచ్చి, గోరంత మెమరీ కార్డు నా అరచేతిలో పెట్టినారు. అప్పుడు జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"తిమ్మన్నా, సీడీల జమానా అయిపోయింది. ఇప్పుడు పాట ఫోన్లల్ల తిరగాలె. నీకు తెలిసిన దుకాణంల ఇది ఇయ్యి, వచ్చినోనికల్లా ఎక్కియ్యమను. జనం నోట్లె పడ్డదనుకో, ప్రోగ్రాములు, కాలర్ ట్యూన్లు అన్నీ మనల్ని వెతుక్కుంట వస్తయి."

"తప్పు గాదు గద సారూ?"

"మన పాట మనం పంచుకుంటే తప్పేందే!"

"మన పాట" అన్నారు. తమరు ఆ మాట కింద ఒక గీత గీసుకుని ముందుకు చదవవలెను.

3. సదరు నగేష్ మా జిల్లా పిల్లవాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి కానిస్టేబులు పరీక్షకు చదువుతున్నాడు. అనగా తమ శాఖలోనే చేరవలెనని అతని కోరిక. తెల్లారి ఇందిరా పార్కు చుట్టూ ఉరుకుతాడు, పగలు చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుంటాడు, పొద్దుగూకినంక నారాయణగూడలో ఒక జిరాక్సు దుకాణం మూలన కంప్యూటరు పెట్టుకుని పాటలు ఎక్కిస్తాడు. హాస్టలు కిరాయి దానిలోనే వెళ్ళాలి. సినిమా పాటలు కూడా ఎక్కిస్తాడు, తమరికి అబద్ధం చెప్పను. అయితే కంపెనీ వారి ఫిర్యాదు మా అనిత పాట మీదనే గనుక నేను దాని మట్టుకే మాట్లాడగలను. ఆ కార్డు ఇచ్చిన నాడు అతను "దీనికి పైసలు తీసుకోవాల్నా తాతా?" అని అడిగినాడు.

"వద్దు బిడ్డా. ఎవరడిగినా ఊరికెనే ఎక్కియ్యి."

"గట్లనే. అడిగినోనికి ఎక్కిస్త, అడగనోనికి గూడ ఎక్కిస్త" అని నవ్వినాడు. అన్నట్టే చేసినాడు.

4. ఈ నంబరు ఫిర్యాదు కాదు, సంతోషము. జవాను గారు తొంగి చూసి "అర్జీల గివన్ని రాయరు పెద్దాయనా" అన్నారు. కానీ ఇది లేకపోతే ఐదో నంబరులో నేను చేసిన పని తమరికి అర్థం కాదు. అయ్యా, ఆ పాట ఎట్లా పోయిందని! హాస్టలు కిటికీలలో అదే, ఆటోలలో అదే. నల్లకుంట నుండి కూరగాయల బండి తోసుకొచ్చే ఆశమ్మ కొంగుకు కట్టుకున్న ఫోనులో అదే. అంబర్‌పేట్‌లో ఆడవాళ్ళు మైకు పెట్టి ఆ పాటకు బతుకమ్మ ఆడుతుంటే, నేను మగవాణ్ణని మరిచి ముందు వరసలో నిలబడినాను. ఒకనాడు ఎవరో కుర్రవాడు పాట పెట్టుకుని గల్లీలో పోతుంటే అటే చూస్తూ ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచినాను. ఇంటర్వ్యూకు పోయే పిల్లవాని చొక్కా కాలింది. "ఏందే తాతా, నా బతుకు కాలవెడితివి!" అని మీదికి వచ్చినాడు. పాడుతున్నది మా బిడ్డ అని చెప్పినాను. ఆ పిల్లవాడు కాసేపు నన్ను, కాసేపు చొక్కాను చూసి, "నీ బిడ్డనా! పోనీ తియ్యి తాతా. మా అమ్మ గూడ తట్టలే మోసింది" అని ఆ కాలిన చొక్కా చంకలో పెట్టుకుని పోయినాడు. తమరికి కూడా బిడ్డలు ఉంటారు గనుక నా స్థితి ఊహించుకొనగలరు.

5. ఇట్లుండగా మొన్న ఇద్దరు మనుషులు బండి దగ్గరికి వచ్చినారు. మాట చాలా మెత్తన.

"అనిత గారి నాయిన మీరేనా? కుమారస్వామి సారు పంపిండు. పాట మస్తు హిట్టయింది గద, ఏడేడ నడుస్తున్నదో చూసి రమ్మన్నడు."

శాలువా కప్పుతారేమో అనుకున్నాను. నాకు కాదు, మా బిడ్డకు. బొగ్గులు ఆర్పి, బండిని ఎదురింటి ప్రభావతమ్మకు అప్పజెప్పి, వాళ్ళను వెంటబెట్టుకుని నారాయణగూడ దాకా నడిచినాను. దారి పొడవునా నేనే మాట్లాడినాను. దుకాణం ముందు నిలబడి, సిగ్గు విడిచి రాస్తున్నాను, ఇట్లా అరిచినాను: "గీ పిలగాడే సారూ! పట్నమంత పంచింది గీ పిలగాడే! నగేషూ, జర పెద్దగ పెట్టు, సార్లు వింటరు!"

నగేష్ తాను కూర్చున్న స్టూలు వాళ్ళకు ఇచ్చినాడు. చాయ్ తెప్పించినాడు. ఒకాయన "నా ఫోన్ల గూడ ఎక్కిస్తవా తమ్మీ?" అంటే, "గదేం మాట సార్, తాత బిడ్డ పాట, ఎక్కియ్యకుంట ఉంటనా?" అని ఎక్కించినాడు. రెండో ఆయన మాకు ఫొటో తీసినాడు. నేను నగేష్ భుజం మీద చెయ్యి వేసి నిలబడినాను. ఆ ఫొటో ఇప్పుడు ఫిర్యాదుకు జతపరచి ఉన్నది, జవాను గారు చూపించినారు. కింద "గాయని తండ్రి స్వయముగా చూపించిన దుకాణము" అని రాసి ఉన్నది. అందులో నా ముఖం చాలా సంతోషంగా ఉన్నది. నా జన్మలో ఇంత బాగా వచ్చిన ఫొటో లేదు.

నిన్న సాయంత్రం ఆ ఇద్దరే మళ్ళీ వచ్చినారు, పోలీసు జీపులో.

6. తరువాత తెలిసినది ఏమనగా, కుమారస్వామి గారు తమ పాటలన్నీ ఒక పెద్ద కంపెనీకి హక్కులతో సహా ఇచ్చివేసినారు, తాము అందులో మేనేజరుగా చేరినారు. సీడీలు పోవడం లేదని ఆ కంపెనీ మనుషులు గల్లీ గల్లీ తిరిగి దుకాణాలను పట్టిస్తున్నారు. పాట మీద బతికేవాళ్ళకు పాట ఊరికే పోతే కష్టమే, నేను కాదనను. ఇస్త్రీ ఊరికే చేయమంటే నాకూ కష్టమే. కానీ తన చొక్కా తానే తెచ్చి నా బండి మీద పెట్టి, ఇస్త్రీ చేయమని చెప్పి, మడత పెట్టినంక చొక్కా దొంగ అని పట్టిస్తే దానిని ఏమనాలి? మా బిడ్డ రాత్రి ఆయనకు ఫోను చేసింది. నేను పక్కనే ఉండి విన్నాను.

"అన్నా, కార్డు మా నాయినకు ఇచ్చింది నువ్వే గద!"

"అప్పటి సంగతి అప్పుడు, చెల్లే. ఇప్పుడు ఆ పాట నీది గాదు, నాది గాదు, కంపెనీది. రేపు బతుకమ్మ కాడ మైకుల పాడాలన్నా అడిగే పాడాలె నువ్వు."

"మా అమ్మ ఎవల్ని అడిగి పాడిందన్నా?"

ఆయన ఫోను పెట్టేసినాడు. మా బుగ్గమ్మ మోకాళ్ళు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నది.

7. గల్లీలో నా స్థితి తమరికి తెలియజేయవలసి ఉన్నది. పొద్దున ఒక్క హాస్టలు పిల్లవాడు కూడా బట్టలు తేలేదు. చాయ్ అమ్మే బీరమ్మ అందరి ముందర, "ఏం తిమ్మన్నా, పిలగాన్ని పట్టిచ్చినవు, కంపెనీ నుంచి ఏం ముట్టింది?" అని అడిగింది. ఇరవై ఏండ్ల నుండి ఆ చాయే తాగుతున్నాను. మా బిడ్డ ఒక్క మాట అన్నది. "నాయినా, నువ్వు పాటను చూపెట్టిన అనుకున్నవు. పిలగాన్ని చూపెట్టినవ్." ఆ మాట మీదనే లేచి ఇక్కడికి వచ్చినాను.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా, నగేష్ పేరు మీద కేసు రాస్తే అతనికి మీ కొలువు రాదు. పరీక్ష పాసైనా, ఎంత ఉరికినా, విచారణలో ఈ కేసు బయటపడుతుంది, అంతటితో సరి. అతను లోపల ఏడుస్తున్నది కేసుకు కాదు, దానికే. రాయడం తప్పనిసరి అయితే మొదటి పేరు నాది రాయండి. కార్డు ఇచ్చిన చెయ్యి నాది, ఊరికే ఎక్కియ్యమన్న నోరు నాది. నేను రాసే పరీక్ష ఏదీ లేదు, నన్ను ఏ కొలువుకూ విచారించరు. ఇంకను, కుమారస్వామి గారిని ఒకసారి పిలిపించి, కార్డు ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చినదో నా ముఖం ఎదుట చెప్పమనండి. అదీ కుదరకపోతే ఆ ఫొటో కింద ఒక్క మాట చేర్పించండి. "గాయని తండ్రి మోసపోయి చూపించిన దుకాణము" అని.

పై సంగతులన్నీ ఆ పిల్లవాని మీద దయ ఉంచి, కలం చేతికి తీసుకోక మునుపే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇస్త్రీ తిమ్మయ్య,
గాయని అనిత తండ్రి.

తా.క.: ఈ అర్జీ మడత పెడుతుండగా తమ ఠాణాలో ఒకరి జేబులో ఫోను మోగింది. "తట్ట దించి పోవే అమ్మా" అని. మా బిడ్డ గొంతే. ఆయన గబగబా ఫోను నొక్కి, నా వైపు చూసి, తల దించుకున్నారు. లోపల నగేష్ కూడా విన్నట్టున్నాడు, దగ్గినాడు. అయ్యా, నాకు లేచి వెళ్ళి ఆయన రెండు చేతులు పట్టుకోవాలనిపించింది, అది మా బిడ్డేనని చెప్పాలనిపించింది. బెంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ ఫోను ఎవరిదో, ఏ దుకాణంలో ఎక్కించుకున్నారో తమరు అడిగినా నేను చెప్పను. ఒకసారి చూపించి చూసినాను, చాలు.