చావింట్లో సాహితి అడిగిన ప్రశ్న

నర్సీపట్నం

ప్రియమైన మనవరాలు సాహితికి,

అసలీ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీశాను, మళ్లీ లోపల పెట్టేశాను. కానీ నాకు ఫోన్లో మాట వినబడదు, నీకు ఫోన్లో మాట రాదు. ఇక మిగిలింది పోస్టుమాన్ ఒక్కడే.

నాతవరంలో ఏం చేసి వచ్చావమ్మా? సింగన్న పోయాడని పరామర్శకి వెళ్లావు. అతని కూతురు రోజారమణి చిన్నప్పట్నుంచీ నీ నేస్తం. ఆ పిల్ల మంచం కోడు పట్టుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చోలేదట, చెయ్యి పట్టుకోలేదట. వాళ్లమ్మ వరలక్ష్మమ్మ దగ్గరికెళ్లి, "పిన్నీ, బాబాయ్ పడిపోయినప్పుడు మోటారు షెడ్డులో బల్బు వెలుగుతోందా?" అని అడిగావట. ఆవిడ నిన్ను బయటికి పొమ్మందట.

ఇదంతా నాకు కూరల బజార్లో తెలిసింది. వంకాయలు ఏరుకుంటుంటే కూరలమ్మే కళావతి, "మీ మనవరాలికేటైంది బాబూ, సావింట్లో కరెంటు సంగతులడిగిందంట?" అంది. ఆ కంగారులో అన్నీ పుచ్చువే తెచ్చాను.

మీ అమ్మమ్మ శారదాంబ కూడా మాటకారి కాదు. పెళ్లయిన కొత్తలో వారంపాటు నోరు విప్పకపోతే నా మీద కోపమనుకున్నాను. తీరా చూస్తే వంటింటి గోడ ఎక్కడ పడగొట్టించాలా అని ఆలోచిస్తోంది. పడగొట్టించింది కూడా, నేను సంతకెళ్లిన రోజు చూసి. అయినా ఆవిడ మౌనం వేరు, నీది వేరు. ఆవిడది తీర్పు రాసేసుకున్న జడ్జి మౌనం. నీది విచారణ ముగియని కోర్టు. తిట్టడానికి కాదు, తెలుసుకుందామనే రాస్తున్నాను. ఏం తోచి అడిగావు?

నీ జవాబు కోసం వీధి చూసే
తాతయ్య సోమసుందరం

*

విశాఖపట్నం

ప్రియమైన తాతయ్యకి,

నాకూ ఏడుపొచ్చింది. కానీ వాళ్లింటికి వెళ్లే దారిలో పొలంలో షెడ్డు చూశాను, అక్కణ్ణుంచి బుర్ర దాని చుట్టూనే తిరిగింది.

ఆ బల్బుకి స్తంభం నుంచి ఒక్క వైరే వస్తుంది. రెండోదాన్ని ఇనప ఊచకి చుట్టి తడినేలలో గుచ్చారు. మన వైపు చాలా పొలాల్లో ఇంతే. నేల ఆరితే వెలుగు మందగిస్తుంది, అప్పుడు ఊచ మొదట్లో నీళ్లు పోస్తారు. బాబాయ్ ఆ ఊచ దగ్గరే పడిపోయాడు. బకెట్టు ఇంకా అక్కడే బోర్లా పడి ఉంది. బల్బు వెలుగుతుంటే ఆ ఊచలోనూ కరెంటు ఉన్నట్టే. అందరూ గుండెపోటన్నారు. అయ్యుండొచ్చు. నాకు తెలియదు. తెలియదు కాబట్టే అడిగాను.

మొన్న మా ఆఫీసులో అందరికీ మనస్తత్వ పరీక్ష పెట్టారు. నాకు ఐ.ఎన్.టి.పి. అని వచ్చింది. తనలోకి తాను ముడుచుకుని, ప్రతిదాన్నీ విప్పి చూసే రకమట. మా టీమ్ లీడర్ లావణ్యగారు నవ్వి, "అయితే నీకు ఫీలింగ్స్ ఉండవన్నమాట" అన్నారు. ఆ నాలుగక్షరాల్లో ఆ మాట ఎక్కడుందో నాకు కనబడలేదు. అమ్మమ్మ గురించి మీరన్నది మాత్రం నిజం. ఆవిడ ఒక నిర్ణయానికొస్తే ఇక వెనక్కి చూడదు. నేను నిర్ణయానికి వచ్చాక కూడా అది తప్పేమోనని వెతుకుతాను. తప్పని ఎవరైనా చూపిస్తే నాకు హాయిగా ఉంటుంది. అలా హాయిగా ఉంటుందని చెబితే ఎవరూ నమ్మరు.

రోజా ఫోనెత్తడం లేదు. ఎప్పటికీ ఎత్తదేమోనని బాధగా ఉంది. అంతకన్నా భయం ఇంకోటుంది. ఆకుమడికి నీళ్లు పెట్టాలి. వాళ్లన్నయ్య వీరేంద్ర అదే షెడ్డుకి, అదే బకెట్టుతో వెళ్తాడు. మెసేజ్ పెడితే చూసి ఊరుకున్నాడు. లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే పొలంవాళ్లే పిలవాలన్నాడు. మీకు మాట్లాడటం వచ్చు. వెంటనే వెళ్లి చెప్పరా? వాళ్లు వినకపోతే సెలవు పెట్టి నేనే వస్తాను. గెంటేసినా మళ్లీ వస్తాను.

మీ
సాహితి

*

నర్సీపట్నం

ప్రియమైన సాహితికి,

షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ నాతవరం వెళ్లాను. మిగతా సగం మీద ఒకావిడ కోడిని పెట్టుకుంది. దిగేదాకా అది నన్నే చూసింది.

ముందు మనిషిని మెత్తబరచి తర్వాత సంగతి చెప్పడం నా పద్ధతి. వానల గురించి మాట్లాడాను, బెల్లం రేటు గురించి మాట్లాడాను, సింగన్న మంచితనం గురించి మాట్లాడాను. అంతా బాగానే తలూపారు. షెడ్డు మాట ఎత్తానో లేదో వీరేంద్ర లేచి నిలబడ్డాడు.

"మా అయ్యకి గుండాగిందండి. డాక్టరు సెప్పీసాడు. మీ మనవరాలంటే సదువెక్కువైంది, మీకేటైంది బాబూ?"

"ఆ ఊచ ఒక్కటి తీసేస్తే పోయేదేముందయ్యా?"

"దీపం పోద్దండి. సీకట్లో పావు మీద కాలేస్తే మీరొచ్చి మంత్రమేత్తారా?"

వరలక్ష్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "ఆ సంగతెత్తకండి బాబూ, మీకు దండవెడతాను" అంది. సాహితీ, అది ఏడుపు గొంతు కాదు. భయపడ్డ గొంతు. ఎందుకు భయమో నాకు అంతుపట్టలేదు.

ఇంతకాలం మాటల మీద బతికినవాణ్ణి, వాళ్ల గుమ్మంలో చిత్తుగా ఓడి వచ్చాను. నువ్వే రా. ఓదార్పు మాటలు నేర్చుకుని మాత్రం రాకు, అవి నీకు అతకవు. నువ్వెలా ఉంటావో అలాగే వెళ్లి, అడగాల్సింది అడుగు.

ఓడినా వెనక్కి తగ్గని
తాతయ్య

*

విశాఖపట్నం

ప్రియమైన తాతయ్యకి,

వెళ్లాను. ఊచ తీసేశారు. బస్సుకి టైమైపోయి మీ దగ్గరికి రాలేకపోయాను. కోప్పడకండి.

సాహితి

*

నర్సీపట్నం

ప్రియమైన సాహితికి,

అంత దూరం వచ్చి, అంత పని చేసి, ఇంతేనా రాసేది? నయం, నిన్న వరలక్ష్మమ్మా రోజా మనింటికి వచ్చారు. నువ్వు మింగేసిందంతా ఆవిడ చెప్పింది.

"వొచ్చి అరుగు మీద కూకుంది బాబూ. నాను తిట్టినాను. కదల్నేదు. ఏడవనేదు. 'ఆ రోజు దీపం మందంగా ఉందని ఎవరు చూశారు పిన్నీ?' అనీసి మెల్లిగా అడిగింది. అప్పుడింక నాకాగనేదు. నానే సూసినాను బాబూ. 'ఊసకాడ నీల్లు పోసీసి రా' అనీసి నానే పంపినాను. సేతులారా సంపీసినానని ఎవులితో సెప్పుకోను? గుండాగిందంటే అదే మేలనుకున్నాను."

ఆ భయం అదన్నమాట. నేనైతే ఏం చేద్దును? "అయ్యో, నీ తప్పేముందమ్మా" అని కళ్లు తుడుద్దును. నువ్వు ఆ మాటే అనలేదట. "ఎప్పుడూ నీళ్లు పోసేవారేనా?" అని అడిగావట.

"నేలారినప్పుడల్లా పోసీవోలం. నానూ పోసీదాన్ని."

"మరి అప్పుడేం కాలేదు కదా పిన్నీ. ఆ రోజు ఏం మారింది?"

ఆ ప్రశ్నకి వీరేంద్ర కూడా కదిలాడట. తనే లైన్‌మన్‌ని పిలిచి కరెంటు తీయించాడట. చూస్తే స్తంభం నుంచి వచ్చే వైరు షెడ్డు రేకు అంచుకి ఒరిసి, తొడుగు చిరిగి, కిందికి జారి ఊచనే తాకుతోంది. నువ్వు అక్కడే, "నేననుకున్నది సగమే కరెక్టు. ఇది నాకు తట్టలేదు" అని అందరిముందూ అన్నావట. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆ రోజు ఎవరు ముట్టుకున్నా ప్రాణం పోయేది పిన్నీ. మీరు వెళ్లుంటే మీరు" అని ఆ చిరిగిన చోటు చూపించావట.

ఇది చెప్పి ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకోలైతే నీ తప్పు నేదమ్మా అనీసి ఊరుకుందురు. నాను నమ్మకపోదును. మీ పాప ఎందుకు నేదో సూపించింది బాబూ" అంది.

మీ లావణ్యగారికి ఈ ముక్క చెప్పు. చెప్పవులే, నాకు తెలుసు. అడ్రసు పంపు, నేనే రాస్తాను.

ఆ చుట్టుపక్కల ఇలాంటి ఊచలున్న షెడ్లు ఇంకా ఉన్నాయట. రేపట్నుంచి నేనూ వీరేంద్రా ఒక్కొక్క రైతు దగ్గరికీ వెళ్తున్నాం. ఎంతమంది పొమ్మన్నా సరే, చివరి ఊచ పీకించేదాకా మానను. ఈసారి వానలతో మొదలుపెట్టను. సూటిగా బల్బు సంగతే అడుగుతాను.

వెళ్లేముందు రోజా నీకిమ్మని జీడిపప్పు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టింది. వాళ్ల చెట్లవేనట. వేయించలేదు, పచ్చివే. తర్వాత తల్లీకూతుళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

నీ
తాతయ్య