చివరిగా మార్చినవారు

జూన్ 8, సోమవారం

కదిర్వేల్ సార్ క్యాబిన్‌కి పిలిచారు. కొత్త వికీ ఏది కొనాలో నేనే తేల్చాలట. ఏ మిల్లుకి మన సాఫ్ట్‌వేర్ ఎలా పెట్టాలి, సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఆఫీసు సంగతులన్నీ రాసిపెట్టుకునే చోటు అది. డాక్యుమెంటేషన్ మీ చేతిలో ఉంది, మీరు కాక ఇంకెవరు తేలుస్తారమ్మా అన్నారు. పాత వికీని కట్టింది మా ఆయనని ఆయనకి గుర్తులేక కాదు. గుర్తుంది కాబట్టే కిటికీ వైపు చూస్తూ చెప్పారు.

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ నన్ను ఎప్పుడూ పలకనిచ్చేది కాదు. ఇక తగ్గడానికేముంది. రాస్తున్నాను. నంజప్పన్.

జనవరిలో, ఈ ఆఫీసు లిఫ్టు ముందే పడిపోయారు. ఆయన టేబుల్ కింద ఆ వికీ నడిచే పెట్టె ఇంకా గురగురమంటూనే ఉంది. దానికెవరూ చెప్పలేదు కాబోలు.

సరే సార్ అన్నాను. ఇంకేమనను.

జూన్ 11, గురువారం

మూడు వికీలు చూశాం, నేనూ దండపాణి అన్నా. సర్వర్లన్నీ అతనే చూస్తాడు. యాభై దాటిన మనిషి, కోయంబత్తూరులో ఏ బోండా ఏ గంటకి నూనెలోంచి తీస్తారో అతనికే తెలుసు. అసలు పేర్లు నోరు తిరగవని మూడింటికీ పేర్లు పెట్టేశాడు.

మొదటిది సత్రం. ఉచితం. ఎవరైనా రావచ్చు, ఎవరూ ఊడ్వరు.

రెండోది కొత్తల్లుడు. సోకెక్కువ. పాత పేజీల్లో రాత వరకు తీసుకుంటాడు. దాన్ని ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు, మారుస్తూ ఏమన్నారు, అవేవీ తనకక్కర్లేదు.

మూడోది అత్తగారు. మంచినీళ్ళు తాగాలన్నా పర్మిషన్ అడగాలి. కానీ ఏదీ మర్చిపోదమ్మా, పెళ్ళిలో ఎవరు పెదవి విరిచారో ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా చెప్తుంది అన్నాడు దండపాణి అన్న. పాత పేజీల చరిత్ర మొత్తం, ప్రతి మార్పూ, దాని పక్కన రాసిన ప్రతి మాటా తెచ్చుకుంటుందట.

నాకు అత్తగారే కావాలి. ఎందుకో అతనికి చెప్పలేదు.

జూన్ 12, శుక్రవారం

ఇక్కడైనా చెప్పుకోవాలి కదా.

వికీలో పేజీ మార్చినప్పుడు కింద చిన్న గడి వస్తుంది. ఏం మార్చారు, అని. అందరూ దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆయన వదిలేవారు కాదు. నేను చేరిన కొత్తల్లో నా పేజీలో ఒక అక్షరం దిద్ది ఆ గడిలో ఇలా రాశారు: దీర్ఘం సరిచేశాను, మీరు పొద్దున కాఫీ తాగలేదట, తలనొప్పా. చదివి నాకు చెమటలు పట్టాయి. ఒక కామా తీసేసి నా గడిలో రాశాను: ఇప్పుడు తగ్గిందండీ.

ఆ రోజుల్లో ఆఫీసులో మగవాడితో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడితే మూడో నిమిషానికి క్యాంటీన్‌లో పెళ్ళి చేసేసేవాళ్ళు. అందుకని కామా పెట్టీ, కామా తీసీ మాట్లాడుకున్నాం. మా పేజీలకున్నన్ని దిద్దుబాట్లు ఆ వికీలో దేనికీ లేవు. శ్రద్ధగా పనిచేస్తున్నామని ఆ ఏడాది ఇద్దరినీ మెచ్చుకున్నారు కూడా. బ్యాకప్ పేజీలో అడిగారు, ఆదివారం పేరూరు గుడికి వస్తారా అని. ఏదో ఒకటి మార్చాలి కదా, ఒక ఫుల్‌స్టాప్ పెట్టి, వస్తాను అని రాశాను. ఆ ఫుల్‌స్టాప్ వాక్యం నడుమ పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఇద్దరమూ దిద్దలేదు.

ఎప్పుడూ మీరు అనే అనేవారు. మా వైపు లేగదూడని కూడా రండి అనే పిలుస్తారు, అది వేరే సంగతి. పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, నన్ను నువ్వు అనండి అని. నాలుక తిరగట్లేదండీ అన్నారు. అప్పుడు నవ్వాను.

జూన్ 17, బుధవారం

నాకోసం రాసినవన్నీ నాకు నోటికొచ్చు. కానీ ఆయనకి గడి ఖాళీగా ఉంచే అలవాటు లేదు కదా. నేనెప్పుడూ తెరవని పేజీలు బోలెడు. మిల్లులవీ, కేబుళ్ళవీ, నాకు పనిలేనివీ. వాటి చరిత్రలో ఆయన మాటలున్నాయి. నాకవి కొత్తవి. పోయిన మనిషి దగ్గర్నుంచి కొత్త మాట.

రోజుకొకటే తెరుస్తాను, మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిన్నాక. జాడీ అడుగు కనిపిస్తుంటే చిన్న గరిటె వాడినట్టు. ఈరోజుది: ఇది నా వల్ల కాలేదు, రేపు చూస్తా.

అన్నీ ఒక్కసారే కాపీ చేసి ఇంట్లో పెట్టుకోవచ్చు. చేస్తే చదివేస్తాను. చదివేస్తే అయిపోతారు.

ఎక్కడో ఒకచోట, ఎవరూ చూడరనుకుని, నువ్వు అని ఉంటారు. వెతుకుతున్నది దానికోసమే. పిచ్చని తెలుసు.

జూన్ 22, సోమవారం

అత్తగారినే కొనమని రిపోర్టు పంపాను. పది కారణాలు రాశాను. అసలు కారణం వాటిలో లేదు.

జూలై 1, బుధవారం

ఓడిపోయాను.

అత్తగారు చరిత్ర మొత్తం మోసుకుని రావడానికి ఆరేడు వారాలు పడుతుందట. కొత్తల్లుడు ఒక్క మధ్యాహ్నంలో దిగుతాడు. పదిహేడున ఆడి మాసం, మా తమిళ ఆషాఢం, పుడుతుంది. ఆడిలో కొత్త పని మొదలెడితే మా అమ్మ నన్ను గడప తొక్కనివ్వదమ్మా, ఈలోపే పాలు పొంగాలి అన్నారు కదిర్వేల్ సార్. ఆడి పోయి ఆవణి నెల వచ్చేదాకా ఆగుదాం సార్ అన్నాను. ఆ పాత పెట్టె అప్పటిదాకా బతుకుతుందని రాసిస్తారా అన్నారు. తర్వాత మెత్తగానే అడిగారు, పాత సంగతులు ఇప్పుడెవరు చదువుతారు చెప్పండి, పేజీ సరిగ్గా ఉంటే చాలదా అని.

నేను చదువుతాను సార్, అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకి ఇంత సిగ్గెందుకో నాకు. పెళ్ళాన్నే కదా, దొంగనా.

బయటికొచ్చాక దండపాణి అన్న అన్నాడు, అత్తగారు ఆడి పోయాక వస్తానంటే అల్లుడు ఆడికి అత్తింట్లో పెట్టే విందుకే దిగిపోతున్నాడు, ఎవరి తప్పమ్మా అని. నాకు నవ్వు రాలేదు. అతను ఆగి నా మొహం చూశాడు.

జూలై 3, శుక్రవారం

దండపాణి అన్న మాట ఇచ్చాడు. పాత పెట్టెని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. పనుల ఒత్తిడి తగ్గాక దాన్ని ఉన్నదున్నట్టు ఒక డిస్కులోకి దించి నా చేతికిస్తాడు. ఎందుకని అడగలేదు. చాలా మంచివాడు.

జూలై 15, బుధవారం

కొత్తల్లుడి గృహప్రవేశం అయింది. సర్వర్ గదిలో కర్పూరం, గడపకి నిమ్మకాయలు, అందరికీ చక్కెర పొంగలి. పొగకి అలారం మోగుతుందని దండపాణి అన్న స్టూలెక్కి దానికి సంచీ కట్టాడు. పాత పేజీలన్నీ నా లాగిన్ మీదే దించాం. ఒక్క మధ్యాహ్నమే పట్టింది. ఆ గడి ఇందులోనూ ఉంది, ఏం మార్చారు అని. అన్నీ ఖాళీ.

టీ వేళకి గోల మొదలైంది. ఎవరు ఏ పేజీలో ఒక అక్షరం మార్చినా అడుగున వాళ్ళ నాన్న పేరు పడుతోంది.

మా వాళ్ళకి ఇంటిపేరెక్కడిది. తండ్రి పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత మన పేరు, అంతే. ఈ అల్లుడు పుట్టిన దేశంలో మనిషికి రెండు పేర్లుండాలి, గౌరవంగా రెండోదే చూపించాలి. రెండో గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోవట్లేదని హెచ్చార్ వాళ్ళు అందరికీ తండ్రుల పేర్లు నింపారు. ఆఫీసు ఆఫీసంతా నాన్నలే. కదిర్వేల్ సార్ రామసామి అయ్యారు. దండపాణి అన్న చిన్నచామి అయ్యాడు. అప్పుడే తను దిద్దిన ఫైర్‌వాల్ పేజీ ముందు నిలబడి అన్నాడు, మా నాయన కొబ్బరిచెట్లెక్కేవాడమ్మా, వేలిముద్ర మనిషి, చూడు ఎంత పేజీ రాశాడో అని. నవ్వుతూనే ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. రెండుసార్లు తీసుకున్నాడు.

నాకు పెళ్ళితో పి. వడివు పోయి ఎన్. వడివు వచ్చింది. నా రెండో గడిలో ఉన్నది నాన్న పేరు కాదు.

పేజీలన్నీ నా లాగిన్ మీద వచ్చాయి కదా. బ్యాకప్ పేజీ తెరిచాను. అడుగున ఉంది. చివరిగా మార్చినవారు: నంజప్పన్. ఈరోజు తేదీతో. ఇంకో పేజీ తెరిచాను. నంజప్పన్. ఇంకోటి. నంజప్పన్.

బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి చాలాసేపు ఉన్నాను.

జూలై 16, గురువారం

పేర్లు సరిచేయించండి అన్నారు కదిర్వేల్ సార్. రేపే ఆడి సార్, ఆడిలో పేర్లు పెడతారా ఎవరైనా అన్నాడు దండపాణి అన్న. సార్ నవ్వి ఆవణికి వాయిదా వేశారు. ఆయనకీ తొందర ఉన్నట్టు లేదు. కంపెనీ పెట్టింది వాళ్ళ నాన్నగారే. పోయి పదేళ్ళు దాటింది.

జూలై 24, శుక్రవారం

ఈరోజు పాత పెట్టెలో దొరికింది, మరిగే నీళ్ళ ట్యాంకుల పేజీ చరిత్రలో: వేడి అంకె సరిచేశాను, బయట వాన, గొడుగు మీ దగ్గరే ఉండిపోయింది. ఆ మీరు నేనే. ఆ గొడుగు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆగస్టు 3, సోమవారం

పొద్దున కుర్చీలో కూర్చున్నాను. ఏదో తేడాగా ఉంది. ఫ్యానాపాను. అప్పుడు తెలిసింది. గురగుర లేదు.

ఆయన టేబుల్ కింద దుమ్ము నలుచదరంగా ఉంది, అంతే.

గాంధీపురంలో ఆడి తగ్గింపు. పాత కంప్యూటర్లిస్తే కొత్తవాటి మీద సగానికి సగం. ఆడిలో కొత్త పని మొదలెట్టకూడదు గానీ డిస్కౌంటొస్తే కొనొచ్చు. నిన్న ఆదివారం షాపువాళ్ళు వ్యానేసుకుని వచ్చి, టేబుళ్ళ కింద పాతవన్నీ ఎత్తుకుపోయారు. దండపాణి అన్న మారియమ్మన్ జాతరకి ఊరెళ్ళాడు, నిప్పులు తొక్కే మొక్కుంది.

కదిర్వేల్ సార్ దగ్గరికి పరిగెత్తాను. వికీ కొత్తదాంట్లోకి వచ్చేసింది కదమ్మా, ఆ పెట్టెతో ఇంకేం పని అన్నారు. న్యాయంగానే అడిగారు. షాపుకి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది, భయపడకండి మేడం, మీ సమాచారం ఎవరి చేతికీ పోకుండా నిన్న సాయంత్రమే డిస్కులన్నీ శుభ్రంగా తుడిచేశామండీ అని.

థాంక్సండీ అన్నాను. అలవాటు.

ఆగస్టు 5, బుధవారం

దండపాణి అన్న వచ్చాడు, పాదాలకి పసుపుతో, కుంటుతూ. సంగతి విని నా టేబుల్ పక్కన నేల మీదే కూలబడ్డాడు. ఒక కాగితం మీద తియ్యకూడదని రాసి అంటించి పోయినా సరిపోయేదమ్మా, నా బుద్ధి గడ్డి తిన్నది అన్నాడు.

తిట్టాలనిపించింది. తిట్టాను. మాటిచ్చి నిప్పులు తొక్కడానికి పోయారా అండీ, మీ మొక్కు తీరింది, నాది బుగ్గయింది అన్నాను. మా ఊళ్ళో తిట్టేటప్పుడు కూడా అండీ పోదు. తలొంచుకుని పడ్డాడు. మరి నువ్వెందుకు కాపీ చేసుకోలేదమ్మా అని ఒక్క మాట అనలేదు. అనుంటే కొంచెం తేలికయ్యేది.

అతను అడగలేదు కాబట్టి నేనే చెప్పాను. గడి గురించి, కామాల గురించి. ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు కదమ్మా అన్నాడు. అవును అన్నాను. అన్నీ అక్కడే మాట్లాడారు.

ఆగస్టు 10, సోమవారం

మధ్యాహ్నం డబ్బా తిన్నాక ఏం చేయాలో తెలియట్లేదు.

ఆగస్టు 14, శుక్రవారం

కదిర్వేల్ సార్ మెయిల్. సోమవారం ఆవణి ఒకటో తేదీ, మంచిరోజు, పేర్లు సరిచేసేయండి అని. చేయాల్సింది కొంచెమే. రెండో గడిలో తండ్రి పేరు తీసి మనిషి పేరే మళ్ళీ పెట్టాలి. పెట్టగానే పాతవీ కొత్తవీ అన్ని పేజీల అడుగునా మారిపోతుంది.

దండపాణి అన్న వచ్చి అన్నాడు, నాది తొందరేం లేదమ్మా, చివర్లో చెయ్యి అని.

ఆగస్టు 17, సోమవారం

అందరివీ సరిచేశాను. రామసామి దిగిపోయారు. చిన్నచామి దిగిపోయాడు.

నాదొక్కటి మిగిలింది. బ్యాకప్ పేజీ తెరిచాను. ఆ ఫుల్‌స్టాప్‌ని ముట్టుకోలేదు. పక్కన ఒక కామా పెట్టాను. ఏం మార్చారు అన్న గడిలో రాశాను: కామా పెట్టాను, నువ్వు తిన్నావా వడివూ.

అడుగున పడింది. చివరిగా మార్చినవారు: నంజప్పన్. ఇప్పుడే.

ఇంకా లేదండీ, అన్నాను.