మధ్యలో లేని పెట్టె

ప్రియమైన బావమరిదికి,

నువ్వు పంపిన స్పీకర్ పెట్టెలు నిన్న చేరాయి. ముందు పెట్టేవి రెండు, వెనక పెట్టేవి రెండు, నేల మీద పెట్టే లావుపాటిది ఒకటి, అన్నిటినీ నడిపే యంత్రం ఒకటి. ఏదీ పగల్లేదు. ఎవరో పెద్దింటివాళ్ళు కొత్తవి పెట్టించుకుని తీసేసినవని రాశావు. మాకు అవే ఎక్కువ.

ఉత్తరం రాయడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మాట నాకు తిన్నగా అందదు. పైగా మాది రెండు గదుల ఇల్లు. మీ అక్క వినేస్తుంది.

మీ అక్క సంగతే రాయాలి. చూపు పూర్తిగా పోయింది. వెలుతురు ఏ వైపు ఉందో అది మాత్రం తెలుస్తుందట. ఏడుపు లేదు, సణుగుడు లేదు. ఇంటిపనంతా చేత్తో తడుముకుని చేసేస్తోంది. ఒక్కటే మానేసింది. సాయంత్రం పూట ముందుగదిలో నా పక్కన కూర్చుని సినిమా చూడటం. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇప్పుడు టీవీ పెట్టగానే లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోతుంది. అడిగితే, మనుషులు కనబడరు, గొంతులన్నీ ఒకే కన్నంలోంచి వస్తున్నాయి, ఎవరు ఎక్కడున్నారో తెలియక తల తిరుగుతోంది అంది.

నేనూ టీవీ కట్టేసి ఊరికే కూర్చుంటున్నాను. గదికి ఒక మనిషిగా ఉన్నాం.

ఇళ్ళల్లో ఈ పెట్టెలు అమర్చడమే నీ పని కదా. ఏది ఎక్కడ పెట్టాలి, ఏది ఎంత పెంచాలి, నాకు అర్థమయ్యేలా రాయి. ఆమె మళ్ళీ వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. అంతే.

నీ బావ

* * *

ప్రియమైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పేజీ నిండా ఉండటం చూసి ముందు భయపడ్డాను. పెళ్ళయిన కొత్తలో మీరు మా ఇంటికి రాసింది రెండే ముక్కలు. ‘క్షేమంగా చేరాం. గొడుగు మర్చిపోయాం.’ మా నాన్న దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవాడు.

ఇక పని. అక్క కుర్చీని గోడకి ఆనించకండి, ఒక మూర ముందుకి జరపండి. కుర్చీ వీపుకి, తల వచ్చే చోట, ఒక దారం కట్టండి. ఆ దారం ముందు ఎడమ పెట్టెకి ఎంత పొడవు పడితే కుడి పెట్టెకీ అంతే పడాలి. వేలెడు తేడా కూడా వద్దు. పెట్టెల మొహాలు కాస్త కుర్చీ వైపు తిప్పండి, ఇద్దరు మనుషులు అక్కతో మాట్లాడుతున్నట్టు. ఎత్తు, కూర్చున్న మనిషి చెవికి సమంగా. వెనక రెండూ చెవికి జానెడు పైన.

యంత్రంలో ఒక బటన్ ఉంది. నొక్కితే వాన కురిసినట్టు చప్పుడు ఒక్కో పెట్టెలోంచి వరసగా వస్తుంది. కుర్చీలో కూర్చుని, తల కదపకుండా వినండి. ఏ పెట్టె తగ్గినట్టుంటే దాని అంకె పెంచండి. నాలుగు వైపులా ఒకే వాన కురవాలి.

నేల మీద పెట్టేది మొండి ఘటం. దాన్నే కుర్చీలో కూర్చోబెట్టి మోగించండి. మీరు చేతులూ మోకాళ్ళూ ఆనించి గోడల వెంట పాకండి. మోత ఎక్కడ బిగువుగా వినిపిస్తే అదే దాని చోటు. నవ్వకండి. పెద్ద పెద్ద ఆఫీసర్ల ఇళ్ళల్లో నేను పాకుతూనే ఉంటాను.

టీవీ దగ్గర ఉండాల్సిన మధ్య పెట్టె ఏదీ అని అడగబోతారు. అది ఆ పెద్దింటివాళ్ళు ఉంచేసుకున్నారు. బెంగ వద్దు. ముందు రెండూ సరిగ్గా కుదిరితే మనిషి మాట వాటి నడుమ, ఏ పెట్టె లేని చోటు నుంచి, గాలిలోంచి వస్తుంది. పాతికేళ్ళుగా చేస్తున్న పని. ఇప్పటికీ అది విన్నప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరూ చూడకుండా వెళ్ళి అక్కడ చెయ్యి పెట్టి చూస్తాను, ఎవరైనా ఉన్నారేమోనని.

మీ బావమరిది

* * *

ప్రియమైన బావమరిదికి,

నువ్వు రాసినట్టే చేశాను. నాలుగు రోజులు పట్టింది. దారం రెండు వైపులా వెంట్రుక తేడా లేదు.

పాకుతుంటే మీ అక్క లోపలి నుంచి వచ్చింది. నేల మీద ఏం చేస్తున్నారని అడిగింది. గుండీ ఊడి పడిందన్నాను. ఆమె కూడా వంగి వెతకడం మొదలుపెట్టింది. పావుగంట ఇద్దరం లేని గుండీ కోసం పాకాం. తర్వాత నా చొక్కా మీద చేత్తో తడిమి, అన్నీ ఉన్నాయి కదండీ అని వెళ్ళిపోయింది.

వాన చప్పుడు సమంగా కురిసే దాకా అంకెలు మార్చాను. చివరికి కుడివి రెండూ సున్నా. ముందు ఎడమ ఏడు. వెనక ఎడమ ఎనిమిది. నాలుగు వైపులా ఒకే వాన. పొంగిపోయాను. నువ్వన్న మధ్య మాట మాత్రం నాకు వినబడలేదు.

ఆదివారం ఆమెని బతిమాలి కూర్చోబెట్టాను. పది నిమిషాలు కూర్చుంది. అందరూ ఎడమవైపు నుంచి నా మీద పడిపోతున్నారు, కుడివైపు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినట్టుంది అంది. నేను సరిగ్గానే ఉంది కదా అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక మాట అంది. ‘ఇక నా కోసం కష్టపడకండి.’

దారం మళ్ళీ కొలిచాను. తప్పు లేదు. కళ్ళతో పాటు చెవులు కూడా పోతున్నాయేమో. ఈ ముక్క రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆమెకి మిగిలింది అవే. వచ్చే నెలాఖరుకి చెవుల డాక్టరు దగ్గర ఆమె పేరు రాయించాను. ఆమెకి చెప్పలేదు.

నీ బావ

* * *

ప్రియమైన బావగారికి,

అక్కని అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకండి. ముందు నేను చెప్పే రెండు పనులు చెయ్యండి.

ఒకటి. ఎడమ పెట్టెలు కుడివైపు, కుడివి ఎడమవైపు పెట్టి, అంకెలన్నీ సున్నా చేసి, మళ్ళీ మొదటి నుంచి సరిచూడండి. పెట్టెలో లోపముంటే లోపం కూడా వాటితో పాటు అటు వెళ్ళాలి.

రెండు. కుడి చెవి అరచేత్తో గట్టిగా మూసుకుని, గోడ గడియారం కింద నిలబడండి. తర్వాత ఎడమ చెవి మూసుకుని నిలబడండి.

ఏం వినిపించిందో ఉన్నదున్నట్టు రాయండి. నేను మీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను బావగారూ. మీరు ఫోన్ ఎప్పుడూ ఏ చెవికి పెట్టుకుంటారో కూడా గుర్తు చేసుకున్నాను.

మీ బావమరిది

* * *

బావమరిదికి,

పెట్టెలు మార్చాను. మళ్ళీ ఎడమే తగ్గింది. మళ్ళీ ఏడూ ఎనిమిదీ.

గడియారం దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేదు. నాకు తెలుసు.

సామిల్లులో ముప్ఫై ఆరేళ్ళు దుంగలు అందించాను. రంపం ఎప్పుడూ నా ఎడమ పక్కనే. చెవి మొద్దుబారిందని తెలిస్తే యంత్రం దగ్గర నుంచి తీసేస్తారని చెప్పలేదు. పని మానేశాక చెప్పడానికి సిగ్గేసింది. ఎవరికీ తెలియదు, మీ అక్కకి కూడా. దాచి దాచి అది ఉందన్న సంగతి నేనే మర్చిపోయాను.

నా చెవుడు తీసుకెళ్ళి ఆమె చెవుల్లో పోశాను. పైగా ఆమె చెవులే పోయాయనుకున్నాను. ఆమె ఉన్నది ఉన్నట్టు చెబితే, సరిగ్గానే ఉంది కదా అన్నాను.

నువ్వొకసారి వచ్చి సరిచేసి వెళ్ళు. ఆమెకి మాత్రం చెప్పకు.

నీ బావ

* * *

ప్రియమైన బావగారికి,

నేను రాను. రావడానికి వీల్లేక కాదు.

నేను వచ్చి సరిచేస్తే అది నా చెవికి కుదురుతుంది. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. కుర్చీ ఎవరిదో చెవి కూడా వాళ్ళదే కావాలి. యంత్రం రిమోట్ అక్క చేతికి ఇవ్వండి. ఆమె చెబుతుంది, మీరు జరపండి. దుంగలు జరిపిన చేతులు, పెట్టెలు ఒక లెక్కా.

కానీ రిమోట్ ఎందుకు ఇస్తున్నారని అడుగుతుంది. అప్పుడు మాత్రం గుండీ కథ చెప్పకండి.

మీ బావమరిది

* * *

ప్రియమైన బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. పన్నెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. పదమూడో రోజు పొద్దున టీ తాగాక చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, గుండీ ఏదీ ఊడలేదని ముందు చెప్పాను. అది ఆమెకి ఆ రోజే తెలుసట. తర్వాత ఎడమ చెవి సంగతి చెప్పాను.

మీ అక్క గ్లాసు కింద పెట్టింది.

‘మరి ఇరవై ఏళ్ళుగా మీ కుడిపక్కనే ఎందుకు నడుస్తున్నాననుకున్నారు?’ అంది.

నేనేమీ అనుకోలేదు. అదే నిజం. బజారులో, బస్సులో, ఆస్పత్రి బల్ల మీద ఎప్పుడూ కుడిపక్కనే. ముందుగదిలో తన కుర్చీ నా కుర్చీకి కుడివైపునే వేసుకుంది. నువ్వొచ్చినా నిన్ను అటే కూర్చోబెట్టేది. చూపు పోయాక కూడా నన్ను తడుముకుంటూ, చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చి చెయ్యి పట్టుకుంటోంది. నేను దాచిపెట్టాననుకున్నదాన్ని ఆమె ఇన్నేళ్ళూ మోసింది. ఎందుకు అడగలేదన్నాను. దాచుకోవాలనిపించింది కదా, దాచుకోనిద్దామని ఊరుకున్నాను అంది.

రిమోట్ చేతికిచ్చాను. ఏ బటన్ ఏదో ఒకసారి చూపిస్తే వేళ్ళతో పట్టేసింది. అంకెలన్నీ సున్నా చేసి వాన పెట్టాం.

ఆమె మొదట అన్న మాట, పెట్టెలు నా నెత్తి మీద నుంచి మాట్లాడుతున్నాయి అని. నిజమే. దారం నా తల ఎత్తుకి కట్టాను. ఆమె నాకంటే జానెడు పొట్టి. నలభై ఏళ్ళుగా చూస్తున్న మనిషి, అదీ తోచలేదు. కిందికి దించాను. ఎడమ పెట్టె కిటికీతో మాట్లాడుతోంది, నాతో కాదు అంది. దారం పట్టి చూస్తే రెండు వేళ్ళంత పక్కకి తిరిగి ఉంది. వెనక కుడి మూల వాన పలచగా ఉంది, అక్కడ బట్టల బీరువా తలుపు తెరిచి ఉందా అని అడిగింది. వెళ్ళి చూస్తే తెరిచే ఉంది. మూశాను. చిక్కబడింది అంది. నేను కళ్ళున్నవాణ్ణి. ఆ తలుపు నాకు కనబడలేదు.

లావుపాటిదాని కోసం పాకడం ఈసారి ఆమె వంతు. చెవి కాదు, అరచెయ్యి నేలకి ఆనించి వెళ్ళింది. నేను పెట్టిన చోటుకి మూడు అడుగుల అవతల ఆగి, ఇక్కడ అంది. అక్కడే పెట్టాను.

చివరి అంకెలు రాస్తున్నాను. మూడు సున్నాలు, వెనక కుడిది ఒకటి.

సాయంత్రం సినిమా పెట్టాం. పాతదే, ఇద్దరం ఎన్నోసార్లు చూసిందే. ఆమె కూర్చుంది. పది నిమిషాలు అయ్యాయి. లేవలేదు. నేను సినిమా చూడటం మానేసి ఆమెని చూస్తున్నాను. ఆమె వేలెత్తింది. వెనక కుడి మూల నుంచి మొదలుపెట్టి, తల పక్కగా, ముందుకి, ఎడమకి మెల్లగా తిప్పింది. ఏమిటా అనుకున్నాను. వేలు టీవీ దగ్గరికి చేరేసరికి తెర మీదకి రైలు వచ్చింది. నాకంటే ముందు ఆమె చూసింది. ఈ మాట దిద్దను, చూసింది అనే రాస్తున్నాను.

తర్వాత ఎవరో మనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆమె రెండు పెట్టెల నడుమ చూపించింది. అదుగో, అక్కడ నిలబడ్డాడు అంది. నాకు కుడి పెట్టె మాత్రమే వినబడుతోంది. నువ్వు రాసింది గుర్తొచ్చింది. లేచి వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడ్డాను. అడ్డం వచ్చావనేవాళ్ళు ఎవరూ లేరు కదా. ఇక్కడేనా అని అడిగాను.

కొంచెం ఎడమకి అంది. జరిగాను. మీ ఎడమ కాదు, నా ఎడమకి అంది. జరిగాను. ఇంకా కిందికి అంది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు.

‘ఆఁ. ఇప్పుడు మీ నోట్లోంచే వస్తోంది,’ అంది.

నాకు ఆ మధ్య మాట వినబడలేదు. ఇక ఎప్పటికీ వినబడదు. అయినా అది అక్కడ ఉంది. ఎందుకంటే చూపు పోయాక మీ అక్క నాతో మాట్లాడినప్పుడల్లా ఆమె కళ్ళు నా భుజం మీదో, పక్క గోడ మీదో ఉండేవి. ఆ సాయంత్రం అవి తిన్నగా వచ్చి నా మొహం మీద ఆగాయి. సినిమాలో మాటలు అయిపోయేదాకా అలాగే ఉన్నాయి. నేను కదల్లేదు. మోకాళ్ళు ఇప్పటికీ నొప్పిగానే ఉన్నాయి.

చెవుల డాక్టరు దగ్గర పేరు కొట్టేయించలేదు. ఆమె పేరు తీసి నాది రాయించాను. రేపు వెళ్తున్నాం. ఆమె కుడిపక్కన నడుస్తుంది.

నీ బావ

మళ్ళీ రాస్తున్నది: మధ్య పెట్టె ఆ పెద్దింటివాళ్ళు ఎప్పుడైనా ఇస్తామన్నా తీసుకోకు.