లిస్టులో రెండో ఫోన్

మావా,

అమ్మ కంటి ఆపరేషన్ ఈరోజే చేస్తామన్నారు. గుడివాడ తీసుకెళ్తున్నాను, ఎల్లుండి వస్తాను. వారం నుంచి బోటు మీద చేపలే తిని ఉంటావని పప్పుచారు పెట్టాను. వెచ్చబెట్టుకుని తిను.

వైఫై పెట్టె మార్చేశాను. సగం రేటుకి వచ్చిందని కోనేరు సెంటర్లో కొన్నావే, కంపెనీ ఆ మోడల్ ఆపేసి నాలుగేళ్లయిందంట. ఇంక దానికి అప్‌డేట్లు రావు, ఎవడైనా దూరొచ్చని తమ్ముడు దుర్గారావు చెప్పాడు. నేను అప్పుడే వద్దన్నాను, విన్నావా.

దూరారు కూడా. నీకెప్పుడూ చెప్పలేదు గానీ, నువ్వు వేట నుంచి వచ్చే రోజుల్లో వైఫైకి ఏ ఫోన్లు కలిశాయో చూపించే లిస్టు తీసి పెట్టుకుంటాను. బోటు మన ఇంటి వెనక కాలవలోకి రాగానే నీ ఫోన్ దానంతటదే కలుస్తుంది. నా ఫోన్ కింద నీది కనపడగానే ఎసరు పెడతాను. మంగళవారం అచ్చం నీ ఫోన్ లాంటిదే కనపడింది. ఎసట్లో బియ్యం పోసి గట్టు మీదకి పరిగెత్తాను. బోటు లేదు. అది ఎవరిదో ఫోను. నేను తిరిగొచ్చేసరికి అన్నం మాడిపోయింది.

కొత్త పాస్‌వర్డ్ ఈ చీటీలో రాయొద్దన్నాడు తమ్ముడు. విడిగా కాగితమ్ముక్క మీద రాసి బియ్యం డబ్బాలో పెట్టాను. చూసి చింపెయ్.

కుమారి

మర్చిపోయాను. ఈసారి నీ ఫోన్ దానంతటది కలవదు. కొత్తదాని లిస్టు గుడివాడలో ఉన్నా కనపడుతుందంట. కాళ్లు కడుక్కోకముందే పాస్‌వర్డ్ కొట్టు. ఆసుపత్రిలో కూర్చుని అదే చూస్తుంటాను.