పెన్సిలుతో కలిపిన పెదవి

పొదిలి,
20-2-1986

చిరంజీవి మార్కును అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం గనుక రాస్తున్నాను. నువ్వూ అదే రాశావు గనుక నమ్మాను.

మిరప రెండో కోత అయింది. కాయలు కల్లంలో ఎండుతున్నాయి, వీధి వీధంతా తుమ్ముతోంది. నా మోకాళ్ల సంగతి అడిగావు. అవి నాతోనే ఉన్నాయి.

పాప ఫోటో బ్యారక్‌లో అందరికీ చూపించాననీ, పెదవులు అచ్చం నాన్న పోలికేననీ, పెద్దది చేయించి ఇంకొకటి పంపమనీ రాశావు. జయకుమారి ఎందుకు రాయడం లేదని అడిగావు. మే నెలలో సెలవు దొరుకుతుందన్నావు. జవాబు రాయబోయి ఎన్ని కాగితాలు చించానో! బడిలో వ్యాసరచన నేర్పి రిటైరైనదాన్ని.

ఆ పెదవులు మీ నాన్నవి కావు. స్టూడియో లాల్ అహ్మద్‌వి. కంగారుపడకు, చదువు.

మన షారోను గ్రహణం మొర్రితో పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, లోపల అంగిలి కూడా. రొమ్ము పట్టలేదు. జయకుమారి పాలు పిండి, పాపను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని చెంచాతో పోస్తుంది. సగం ముక్కులోంచి వచ్చేస్తాయి. తుడుస్తుంది, మళ్లీ పోస్తుంది. ఏడవదు. మొదట్లో అది ధైర్యమనుకున్నాను. ఇప్పుడు నాకూ ఏడుపు రావడం లేదు గనుక, అది ధైర్యం కాదని తెలిసింది.

పక్కింటి గురవమ్మ వచ్చి, "గ్రహణం నాడు నీ కోడలు ఏం తరిగింది పంతులమ్మా?" అంది.

"వంకాయలు. నీకూ గిన్నెడు పంపింది, తిన్నావుగా," అన్నాను.

మళ్లీ రాలేదు. మామూలుగా అయితే ఆ జవాబుకు రెండ్రోజులు సంబరపడేదాన్ని. ఏమీ అనిపించలేదు.

లాల్ అహ్మద్ పెళ్లికూతుళ్ల మచ్చలు తీసేసినట్టే నెగటివు మీద పెన్సిలుతో పెదవి కలిపేశాడు. "తండ్రి దూరాన ఉన్నాడు కదండీ, బెంగపడతాడు," అన్నాడు. అతను జాలితో చేశాడు. జయకుమారికి చూపించకుండా కవరులో పెట్టి పంపింది మాత్రం నేను. పాప కాస్త ఒళ్లు చేస్తే ఏప్రిల్లో పెదవి కుడతానని గుంటూరు డాక్టరు గారన్నారు. అంగిలి సంగతి తర్వాతట. మేలో నువ్వొచ్చేసరికి పెదవి మీద గీత మాత్రమే ఉంటుంది, ఉయ్యాల తగిలిందని చెప్పొచ్చులే అనుకున్నాను.

నీ ఉత్తరం జయకుమారి చేతికే ముందు అందింది. ఫోటోను ముద్దుపెట్టుకున్నానని రాశావు చూడు, అక్కడ ఆగింది.

"ఎవరి బిడ్డను ముద్దుపెట్టుకున్నారో కనుక్కోండి అత్తయ్యా," అంది. చెంచా కడగడానికి వెళ్లిపోయింది.

మర్నాడు పాపను ఎత్తుకుని తనే స్టూడియోకి బయల్దేరింది. వెనకాలే నేనూ వెళ్లాను. "ఈసారి పెన్సిలు పెట్టకండి," అంది లాల్ అహ్మద్‌తో. అతను తల వంచుకుని తీశాడు. లైటు వెలగగానే షారోను నవ్వింది. మొర్రి నవ్వు ముఖమంతా ఉంటుంది నాయనా.

ఆ ఫోటో ఇందులో పెట్టాను. బ్యారక్‌లో చూపిస్తావో పెట్టెలో దాస్తావో నీ ఇష్టం. మేలో మాత్రం రావద్దు. మీ ఆఫీసర్లకు ఏం చెప్పుకుంటావో చెప్పుకుని ఆపరేషనుకు ముందే రా. కుట్లు పడ్డాక ఈ ముఖం ఇక ఉండదు. ఆ ముద్దేదో దీనికి పెట్టు.

ఇట్లు,
షారోను నాయనమ్మ