పళ్ళు రాకముందు పోయినవాడు

జూలై 8, 2024. సాయంత్రం.

ఇవాళ అబద్ధమాడాను.

రాగసుధతో, లక్ష్మీకాంత్‌తో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె నా కొడుకు కూతురు. అతడు నా కూతురు కొడుకు. మేనరికం. కుదిర్చినవాణ్ణి నేనే. రాగసుధకు ఇప్పుడు పదమూడో వారం. వీళ్ళ మొదటి పాప పుట్టిన ఏడో నెలలో పోయింది. న్యుమోనియా అని రాసిచ్చారు. ఆ పాపకు మెడ నిలవనేలేదన్న సంగతి ఆ కాగితంలో లేదు. ఆ రోజే ఖననం చేయించాను. నెత్తురు ఏ పరీక్షకూ పంపనీయలేదు.

కౌన్సెలర్ పేరు ప్రీతి. చిన్న వయసు. మీ వంశంలో ఇంకెవరైనా పసిబిడ్డలు ఇట్లా పోయారా అని అడిగింది. నా ముఖంలోకి చూస్తూ మూడుసార్లు అడిగింది. ఎవరూ లేరన్నాను. లక్ష్మీకాంత్ ముఖం తేటపడింది. అయినా పరీక్ష చేయించుకోవడమే మేలని ఆమె అన్నది. కడుపులోకి సూది పంపాలట. వందల్లో ఒక గర్భం దానివల్ల పోవచ్చునట. "తాతయ్య లేరంటున్నారు కదా మేడమ్, మళ్ళీ ఆ రిస్క్ ఎందుకు?" అని అతడు లేచాడు.

జూలై 9.

శాస్త్రప్రకారం నేను చెప్పినది అబద్ధం కాదు. రెండేళ్ళు నిండని శిశువుకు దహనం లేదు, ఉదకం లేదు, పిండం లేదు. వంశంలో ఆ శిశువును లెక్కించరు.

శాస్త్రాన్ని ఇంతకన్న నీచంగా ఎవడూ వాడుకొని ఉండడు.

జూలై 14.

1968. మొఘల్‌పురాలో, ఈ ఇంట్లోనే, మా తొలి కొడుకు. చూపు చురుకు. ఒళ్ళు మాత్రం తడిగుడ్డ. పాలు తాగుతూనే అలసిపోయేవాడు. ఊపిరి తీస్తే రొమ్ము లోపలికి కుంగి పొట్ట లేచేది. ఎనిమిదో నెలలో పోయాడు, పళ్ళు రాకముందే. బాలగ్రహమన్నాను. తరువాత పుట్టిన కొడుకుకూ కూతురికీ తమకొక అన్న ఉండేవాడన్న మాటే చెప్పలేదు. చెప్పవద్దని నా భార్య విమలాదేవి చేత ఒట్టు వేయించుకున్నాను.

మనవడికీ మనవరాలికీ పెళ్ళిమాట ఎత్తినప్పుడు వద్దన్నది ఆమె ఒక్కతే. "ఆ పిల్లవాడు మీకు గుర్తున్నాడా?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. గోత్రాలు వేరు, జాతకాలు కలిశాయి, మేనరికం మన ఆచారం అన్నాను. పైగా ఒక శ్లోకం చదివాను. ఆమెకు సంస్కృతం రాదు. ఊరుకున్నది. వాళ్ళ పెళ్ళయిన ఏడాదికే ఆమె పోయింది.

జూలై 27.

మాణిక్యమ్మ వచ్చింది. ఆనాడు మా ఇంట్లో బట్టలుతికిన పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఇప్పుడు ముసలిది, గాజుల దుకాణాల వెనక సందులో కొడుకు దగ్గర ఉంటున్నది. రాగసుధ మేడమీద ఉన్నదని చూసుకొని గొంతు తగ్గించింది.

"బాపు, పోయిన పిల్లను నేను సూసిన. అచ్చం మీ పెద్దబాబు లెక్కనే ఉండె. గట్లనే మెడ నిలువకపాయె."

ఎప్పటి మాట ఇప్పుడెందుకన్నాను.

"ఎప్పటిదైతేంది? బస్తీల అందరికి పురాణం చెప్తవు. ఇంట్ల పిల్లకు ఒక్క ముచ్చట చెప్పనీకి నోరొస్తలేదా? నీకేం ఫికర్ బాపు, మోసేది గా పిల్ల."

కసిరాను. చాయ్ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆగస్టు 12. మధ్యాహ్నం.

ఒక్కణ్ణే ప్రీతి దగ్గరకు వెళ్ళాను. ఊరికే జిజ్ఞాస అన్నాను. ఆ పిల్ల టిఫిన్ డబ్బా మూసేసి అరగంట సేపు చెప్పింది.

డీఎన్ఏ అంటే ఒకదానినొకటి చుట్టుకొన్న రెండు పోగులట. నాలుగే అక్షరాలు. ఈ పోగులో ఏ ఉంటే ఎదుట టీ, సీ ఉంటే ఎదుట జీ. ఒక పోగు ఇటు నడిస్తే రెండవది అటు నడుస్తుంది. కణం రెండు కాబోయే ముందు పోగులు విడిపోతాయి. ప్రతి పోగూ తన మీదనే తన జతను కట్టించుకుంటుంది. కనుక ప్రతి కొత్త జంటలోనూ ఒక పోగు పాతది, ఒకటి కొత్తది.

నేను వేదం చెప్పుకున్న రోజులు గుర్తుకు వచ్చాయి. జటాపాఠంలో పదాలను ముందుకు నడిపి, వెనక్కు నడిపి, మళ్ళీ ముందుకు నడుపుతాము. దొర్లిన తప్పు ఆ నడకలో దొరికిపోతుంది. ఇక్కడా తప్పులు దిద్దే ఎంజైములున్నాయని ప్రీతి అన్నది. సంతోషం కలిగింది. సిగ్గులేని సంతోషం.

మరి పిల్లలకు మెడ నిలవని ఆ జబ్బు ఎట్లా వస్తుందని అడిగాను.

"కాపీ చేసేటప్పుడు పడిన తప్పునే దిద్దుతాయి సర్. అసలు ప్రతిలోనే ఒక ముక్క లేదనుకోండి. రెండు పోగుల్లోనూ లేదు. అది తప్పని ఎవరికి తెలుస్తుంది? లేనిదాన్ని లేనట్టే, చాలా నీట్‌గా కాపీ చేస్తాయి."

తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. ఒకటి సరిగా ఉంటే మనిషి బాగానే ఉంటాడు. నాలాగా, ఎనభై రెండేళ్ళు. రెండూ లోపించినవే వస్తే మెడ నిలవదు. ఈ లేఖనానికి గోత్రం తెలియదు.

"ఎవరి గురించి అడుగుతున్నారు సర్?" అన్నది.

ఎవరి గురించీ కాదన్నాను. రెండో అబద్ధం.

ఆగస్టు 13.

సంధ్యవార్చడానికి కూర్చొని, సంకల్పంలో గోత్రం దగ్గర ఆగిపోయాను.

ఆగస్టు 24.

చెప్పాను.

పొద్దున రాగసుధ నా గదిలో కూర్చొని, "తాతయ్యా, కావ్యాల్లోంచి మంచి పేరొకటి చూసి పెట్టండి. ఎవరూ పెట్టనిది కావాలి. నేను చెప్పే క్లాసులోనే ముగ్గురు ఆద్యలున్నారు" అని నవ్వింది. ఆ నవ్వు ముందు కూర్చోలేకపోయాను.

ఆమె ఏడవలేదు. డాక్టరు అడిగినట్టే అడిగింది.

"ఎన్నో నెల?"

"ఎనిమిది."

"మెడ?"

"నిలవలేదు."

"నాయనమ్మకు మా పెళ్ళప్పుడు గుర్తులేదా?"

"ఉంది. వద్దన్నది. నేనే నోరు మూయించాను."

లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. తరువాత, "జూలైలో ఆ అమ్మాయి మూడుసార్లు అడిగింది కదా తాతయ్యా" అన్నది. అంతే.

ఆగస్టు 27.

సూది పంపారు. నేను వరండాలో ఉన్నాను. లక్ష్మీకాంత్ నా పక్కన ఖాళీ కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నాడు. ఫలితానికి రెండు మూడు వారాలు. నాకు తెలిసిన స్తోత్రాలన్నీ ఉన్నాయి. దేనికీ నోరు తిరగలేదు.

సెప్టెంబరు 14.

రెండు ప్రతులూ లోపించినవే.

ఇరవై మూడో వారం. ఇద్దరూ మాట్లాడుకొని, బిడ్డకు ఊపిరాడని ఆ యాతన వద్దని నిశ్చయించుకున్నారు. నన్ను అడగలేదు. లక్ష్మీకాంత్ మాత్రం గుమ్మంలో ఆగాడు.

"పదమూడో వారంలో తెలిసుంటే వేరు తాతయ్యా. ఇప్పుడు రాగసుధ నొప్పులు పడి కనాలి. బతకని బిడ్డను కనాలి. మీరు ఉపన్యాసాల్లో స్త్రీ గురించి ఎంత బాగా చెప్తారు!"

సెప్టెంబరు 17. మధ్యాహ్నం మూడు.

పదకొండు గంటలు నొప్పులు పడింది. గోడకు ఇవతల వినిపించింది. చెవులు మూసుకోలేదు. మూసుకొనే అర్హత నాకు లేదు.

ఏ క్రియ జరపాలని నా కూతురు ఫోనులో అడిగింది. శాస్త్రం ఏమంటుందో నాకు కంఠస్థం. తెలియదన్నాను.

సెప్టెంబరు 22.

రాగసుధ ఇంటికి వచ్చి మూడు రోజులు. ఇవాళ తానే నా గదికి వచ్చింది. గోడ పట్టుకొని నడిచింది. కాళ్ళ మీద పడబోయాను.

"వద్దు తాతయ్యా. మీ ఏడుపు కూడా నేనే మోయాలా?" అన్నది. "ఇది మీకు మీ పై తరం నుంచే వచ్చి ఉండవచ్చునట. అంటే మీ తోబుట్టువులకూ ఉండవచ్చు. ఎవరెవరికి చెప్పాలో ఆలోచించుకోండి. ఫోను కాదు. మీరే వెళ్ళి చెప్పండి."

సెప్టెంబరు 23. ఉదయం ఏడు.

ముందు కార్వాన్. తమ్ముడు కైలాసం ఇల్లు. అతని మనవరాలికి మేనత్త కొడుకుతో పెళ్ళి, కార్తికంలో. పత్రికలు పంచేశారు.

ముహూర్తం పెట్టింది నేనే.