కదూఫ్ వారి మేకపోతు ఎటు చూడాలి

జ్యూరిచ్, 2 మే 1974

పూజ్యురాలైన నానమ్మకు మనవడు ఫ్లూరిన్ సాష్టాంగపడి రాయునది. ఇచ్చట నేను క్షేమం.

ముందుగా క్షమాపణ. పుట్టినందుకు, చరిత్రలో డిగ్రీ పుచ్చుకుని చివరికి ఊరందరి వంశచిహ్నాలకీ రంగులేసుకుంటూ సింహాలతో, కోళ్లతో కాపురం చేస్తున్నందుకు, ఈ ఉత్తరం మూడు వారాలు ఆలస్యమైనందుకు, ఇందులో రాబోయే ప్రతి వాక్యానికీ నన్ను మన్నించు. అన్నీ ముందే ఒప్పేసుకున్నాను కనుక ఇక నామీద కేసు నిలవదు.

మీ యాభయ్యో పెళ్లిరోజుకి గుమ్మం మీది చెక్కబోర్డుకి కొత్త రంగులు వెయ్యమని ఇక్కడికి పంపావు కదా. ఎడమ డాలు మీద తాతయ్య వాళ్ల కదూఫ్ వంశం మేకపోతు, కుడి డాలు మీద మీ పుట్టింటి ఎలుగుబంటి, అలాగే ఉంచాను. నమూనా బొమ్మ జతచేశాను, చూసుకో. జూన్ ఇరవై రెండుకి పెళ్లికూతురిలా మెరుస్తుంది. బోర్డు సంగతి చెబుతున్నా. నీకు రంగులు అక్కర్లేదు.

ఇట్లు,
నీ విధేయుడు, ఫ్లూరిన్

తా.క. ఒక్క చిన్న మార్పు చేశాను. పాత బోర్డులో మేకపోతు బయటికి చూస్తోంది, అంటే మీ ఎలుగుబంటికి తోక చూపిస్తోంది. మా పనిలో ఒక మర్యాద ఉంది: మొగుడి డాలు, పెళ్లాం డాలు పక్కపక్కన వేస్తే మొగుడి జంతువు పెళ్లాం వైపు తిరగాలి. ఈ పని చేసేవాడెవడికైనా ఇది తెలుసు. తిప్పలేదంటే కావాలనే తిప్పలేదన్నమాట. అందుకని నమూనాలో తిప్పేశాను.

---

కింద ఊరు, 9 మే

చిరంజీవి ఫ్లూరిన్‌ని నానమ్మ మెంగియా ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. బొమ్మ బావుంది. తా.క. ఇంకా బావుంది.

మీ ముత్తాత లూత్సి ఈ లోయలో సగం ఇళ్లకి బోర్డులు వేసిన మనిషి. పెళ్లయిన రోజు నేను గుమ్మం ముందు నిలబడి, "మామయ్యా, మేక అటు చూస్తోందేం?" అని అడిగాను. "కొండమేకలు కనుమ వైపే చూస్తాయి. కింద ఊరి పిల్లవి, నీకేం తెలుసు?" అన్నాడు. కాబోలనుకున్నాను. యాభై ఏళ్లుగా నా ఎలుగుబంటి ఆ మేక పిర్రలు చూస్తూ నిలబడింది. నిన్న కూరల సంతకెళ్తూ దారిలో ఆయన చేతి బోర్డులన్నీ చూశాను. పదకొండు ఉన్నాయి. పదకొండిటిలోనూ మొగుడి జంతువు పెళ్లాం వైపే తిరిగి ఉంది. మనది తప్ప.

ఇంటికొచ్చి మీ తాతయ్యని అడిగాను. సూప్ తాగుతున్నాడు. తల కూడా ఎత్తకుండా, "మా నాన్న వేసిన మేకని ఎవడూ తిప్పడానికి వీల్లేదు" అన్నాడు.

"సరే, మేక తిరగకపోతే నేనే తిరుగుతా" అన్నాను.

ఆశీస్సులతో,
నానమ్మ

తా.క. ఇది మా చెల్లెలు ఊర్సినా ఇంటి నుంచి రాస్తున్నా. సూప్ గిన్నె కూడా నా దగ్గరే ఉంది.

---

జ్యూరిచ్, 13 మే

పూజ్యురాలైన నానమ్మకు అపరాధి ఫ్లూరిన్ నమస్కరించి రాయునది.

నానమ్మా, నేను రాసింది రంగుల గురించి. నువ్వు చదివింది విడాకుల నోటీసు! ముత్తాత ఆ రోజు పరధ్యానంగా ఉన్నాడేమో. వెలుతురు చాల్లేదేమో. మేకని తిప్పితే కొమ్ములు పక్క డాలులోకి పొడుచుకొస్తాయని భయపడ్డాడేమో. ఆయన్ని శంకించే ముందు కొమ్ముల్ని శంకించు.

మధ్యే మార్గం ఒకటుంది. ఒళ్లు కనుమ వైపే ఉంచి మెడ ఒక్కటీ నీ వైపు తిప్పుతాను. తాతయ్య పట్టూ నిలుస్తుంది, నీ మర్యాదా నిలుస్తుంది.

ఇట్లు,
రాయబారి ఫ్లూరిన్

తా.క. నిజాయితీగా చెప్పాలి కాబట్టి చెబుతున్నా: మా పనిలో మెడ మాత్రం తిప్పిన జంతువుని 'పారిపోతూ వెనక్కి చూసేది' అంటారు.

మళ్లీ తా.క. లేకపోతే ఎలుగుబంటిని కూడా అటు తిప్పేద్దామా? ఇద్దరూ వీపులు చూపించుకుంటారు. సమానత్వం.

---

కింద ఊరు, 20 మే

చిరంజీవి ఫ్లూరిన్‌కి ఆశీస్సులు. ప్రస్తుతానికి సగమే.

నా ఎలుగుబంటిని తిప్పుతావా? నీ తా.క.లు ఊర్సినా చర్చి గాయకబృందం ఆడవాళ్లందరికీ చదివి వినిపించింది. పాట ఆపేసి అందరూ ఎవరి బోర్డు వాళ్లు చూసుకోవడానికి పరిగెత్తారు. ఇప్పుడు కింద ఊళ్లో ఇద్దరు మొగుళ్లు నిచ్చెనలెక్కి ఉన్నారు.

మీ తాతయ్య నిన్న రెండూళ్ల మధ్య వంతెన దాకా వచ్చాడు. మధ్యలో నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, వెనక్కి వెళ్లిపోయాడు.

విను. నాకు రంగు అక్కర్లేదు. నేను అరిచానని తిరిగిన మేక నాకెందుకు? మీ ముత్తాతకి ఆఖరి తొమ్మిదేళ్లు నా చేత్తో అన్నం పెట్టాను, గడ్డం గీశాను. ఒక్కసారైనా నన్ను కోడలనుకున్నాడా లేదా, అది తెలియాలి నాకు. పోయినవాణ్ణి ఎవరడుగుతారు? అది తెలియకుండా ఆ గుమ్మం కింద నిలబడి యాభై ఏళ్లని కేకు కొయ్యలేను. విందు మానేద్దాం.

నానమ్మ

తా.క. విందులో నలభై మందికి కాపూన్స్ పిండి ఉండలు చుట్టడానికని ఆకుకూర చెప్పి ఉంచాను. అది మాత్రం కూరలవాడు మాననివ్వడట. పంపిస్తాను, తిను.

---

జ్యూరిచ్, 3 జూన్

పూజ్యురాలైన నానమ్మకు ఫ్లూరిన్ నమస్కరించి అత్యంత గంభీరంగా రాయునది.

కూర్చుని చదువు. పాత రంగు గీకుతుంటే మేకపోతు కింద ఇంకో మేకపోతు బయటపడింది! పాతది. మసిబారింది. నీ వైపు తిరిగి ఉంది. ముత్తాత ముందు మర్యాదగానే వేశాడన్నమాట. తర్వాత పై ఊరివాళ్లు ఏదో అని ఉంటారు, పంతానికి దాని మీద రెండోది పులిమి ఉంటాడు. పైది పూర్తిగా తీసేశాను. కిందిది ముట్టుకోలేదు. బోర్డు శనివారం పోస్టు బస్సులో వస్తుంది.

ఇట్లు,
ఫ్లూరిన్

తా.క. ఈసారి తా.క. ఏమీ లేదు. నాకే భయమేసింది.

---

పై ఊరు, 10 జూన్

చిరంజీవి ఫ్లూరిన్‌కి నానమ్మ పూర్తి ఆశీస్సులు.

ఇంటికొచ్చేశాను. బోర్డు ఎక్కించేటప్పుడు మీ తాతయ్య నిచ్చెన కింద నిలబడి ముక్కు చీదాడు. "చూశావా మెంగియా, మా నాన్న నిన్ను..." అని ఆపేశాడు. చేతిరుమాలు తడిసిపోయింది. విందు ఉంది. నువ్వు రావాలి.

ఇక మన మధ్య మాట. ఆ బోర్డుని యాభై ఏళ్లుగా ప్రతి ఈస్టర్‌కీ సబ్బు పెట్టి కడిగేది నేను. ఒకసారి వడగళ్లకి మేక పొట్ట దగ్గర రంగు పెచ్చు ఊడింది. కింద వట్టి చెక్క. ఇంకో మేకా లేదు, మేకపిల్లా లేదు. అది నీ పని.

తిట్టను. మీ తాతయ్య నమ్మాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, వాళ్ల నాన్న మంచివాడని నమ్ముకుంటే నీకూ నాకూ పోయేదేముంది? నేనూ నమ్మినట్టే ఉంటాను. వంతెన మీద ఆ టోపీ చూసిన దగ్గర్నించీ నా కోపం సగం పోయింది. ఆయనకి చెప్పకు.

ప్రేమతో,
నానమ్మ

తా.క. చదువుకున్నవాడివి, ఆ మేక కాళ్లేమిట్రా? బల్లకాళ్లలా ఉన్నాయి.

---

జ్యూరిచ్, 14 జూన్

నానమ్మకు ఫ్లూరిన్ నమస్కరించి రాయునది.

కాళ్ల విషయంలో నా పరువు కోసం ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. అవి నావి కావు.

పోయిన నెల ఇరవై మూడున, పొద్దున్నే, వర్క్‌షాపు తలుపు తీస్తే తాతయ్య. చంకలో జున్ను చక్రం. ఊళ్లో పశువుల సంతకని చెప్పి వచ్చాడట. "బోర్డేదిరా?" అన్నాడు. "తాతయ్యా, తిప్పనన్నావుగా?" అన్నాను. "నేను తిప్పితే మీ నానమ్మ తీసుకోదు. మా నాన్న తిప్పితే తీసుకుంటుంది. బ్రష్షివ్వు."

మూడు రోజులు కూర్చున్నాడు. నేను కాళ్లు సరిచేయబోతే, "మేక కాళ్లు నాకు నువ్వు చెబుతావా? పుట్టిన దగ్గర్నించీ వాటి కాళ్ల మధ్యే బతుకుతున్నా" అన్నాడు. పాతగా కనిపించాలని పొయ్యిలో బూడిద, కాఫీ మడ్డి కలిపి తనే రుద్దాడు. మూడో తారీఖు ఉత్తరం కూడా ఆయన చెప్పిందే, నేను రాశాను. 'అత్యంత గంభీరంగా' అన్నది మాత్రం నా చేర్పు.

నీకు చెప్పనని ఆయనకి ఒట్టేశాను. ఆయనకి చెప్పొద్దని నువ్వంటున్నావు. ఇరవై రెండున మీ ఇద్దరి మధ్యా కూర్చుని కేకు ఎలా తినాలో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
నీ మనవడు, ఫ్లూరిన్

తా.క. ఆ మేకలో నేను చేసింది ఒకటే ఒకటి: కంట్లో నల్లచుక్క. ఎటు చూడాలో పెన్సిల్‌తో గీత గీసుకుని మరీ పెట్టుకున్నాడు. తీరా అక్కడికొచ్చేసరికి బ్రష్షు నా చేతిలో పెట్టి, "ఇది నువ్వే పెట్టు" అన్నాడు.